సీసా ఊపాలా, వద్దా?

పోయిన ఏడాది మాఘమాసంలో ఒక ఆదివారం. గడ్డం గీసుకుని, ముఖం కడుక్కుని, అద్దం పక్కన అరలోంచి ఆఫ్టర్ షేవ్ సీసా తీశాను. అలవాటు ప్రకారం నాలుగుసార్లు గట్టిగా ఊపి, అరచేతిలో కొంచెం పోసుకుని చెంపలకు అద్దుకున్నాను. చురుక్కుమంటే “స్స్...” అన్నాను. అదీ అలవాటే.

తువాలు భుజాన వేసుకుని స్నానానికి తన వంతు కోసం వెనక నిలబడ్డ మా అబ్బాయి అడిగాడు.

“నాన్నా, దాన్నెందుకు ఊపుతావు?”

“ఊపాలి కాబట్టి.”

“సీసా మీద రాశారా?”

కళ్లజోడు తెచ్చుకుని చదివాను. మంటకు దూరంగా ఉంచమని ఉంది. కళ్లలో పడకుండా చూసుకోమని ఉంది. పైపూతకు మాత్రమే అని ఉంది. ఊపమని మాత్రం ఎక్కడా లేదు. ముప్ఫయ్యేళ్లకు పైగా రోజూ చేస్తున్న పనికి ఆధారం ఏదీ అంటే చూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు. ఇదే పని బ్యాంకులో ఇంకొకరు చేసి ఉంటే నేనే సంజాయిషీ అడిగేవాణ్ణి.

ఇంత చిన్న సంగతికి మన పత్రికలో ఒక శీర్షిక అవసరమా అని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఈ సీసా సంగతి మా ఇంట్లో ఎందాకా పోయిందో చెబితే, మీ ఇంట్లో కూడా ఒకసారి అలమర తెరిచి చూసుకుంటారని ఇది రాస్తున్నాను.

ఈ అలవాటు నాకెక్కడ పట్టుకుందా అని వెనక్కి వెతుక్కుంటూ పోతే పరదరామి బజారులో తేలాను. చిత్తూరు నుంచి గుడియాత్తం పోయే దారిలో, సరిహద్దు దాటీ దాటగానే వచ్చే ఊరు మాది. బస్సు మీద బోర్డు తమిళంలో ఉంటుంది, లోపల సగం మాటలు తెలుగులో వినిపిస్తాయి. నా చిన్నప్పుడు బజారులో ఒక రేకుల కప్పు సెలూన్ ఉండేది. ఎదురెదురుగా రెండు అద్దాలు, ఒక చెక్క కుర్చీ, ఒక పొడుగాటి బెంచీ. ఊరంతా వరసపెట్టి పిలుచుకునే చోటు కాబట్టి సెలూన్ నడిపే ఆయన నాకు మామ.

ఆదివారం పొద్దున్నే మా నాయన నన్ను వెంటబెట్టుకుని పోయేవాడు. మామ గుడియాత్తం లుంగీ ముక్క ఒకటి మెడచుట్టూ కప్పి, కత్తిని తోలుపట్టా మీద నాలుగు వేట్లు సానబట్టి పని మొదలుపెట్టేవాడు. అంతా అయ్యాక పటిక ముక్కను నీళ్లలో ముంచి చెంపల మీద రుద్దేవాడు. నాయనకు అంతే. పెళ్లికొడుకులకు, ఉద్యోగస్తులకు, పట్నం నుంచి సెలవుల్లో వచ్చినవాళ్లకు మాత్రం పటిక కాకుండా సీసా దిగేది. మామ దాని మూతికి బొటనవేలు అడ్డం పెట్టి, గలగలా ఊపి, అరచేతిలో చిలకరించుకుని, ఎదుటివాడి చెంపల మీద టపటపా తట్టేవాడు. సెలూన్ అంతా వాసన నిండిపోయేది.

నేను గుడియాత్తంలో బి.కాం. చేరిన ఏడాది ఆ సీసా నాక్కూడా దిగింది. “పెద్దోడివైనావు గదబ్బా” అన్నాడు మామ. ఎందుకు మామా ఊపుతావని అడిగితే, “వాసనంతా పైనే తేలతా ఉంటాది. ఊపితేనే కలిసేది” అన్నాడు. ఆ మాట నాకు శిలాశాసనం అయిపోయింది. తర్వాత బ్యాంకు ఉద్యోగం వచ్చి, మొదటి జీతంలో ఓడ బొమ్మ ఉన్న తెల్ల ఓల్డ్ స్పైస్ సీసా కొనుక్కున్న రోజు నుంచి నేనూ ఊపుతూనే ఉన్నాను.

మా అబ్బాయికి మామ మాట చాలలేదు. “ఒక గాజు గ్లాసులో పోసి చూద్దాం” అన్నాడు. నేను చదివింది కామర్స్. రసాయన శాస్త్రంతో నా సంబంధం పదో తరగతితో తెగిపోయింది. అయినా సరేనని పోశాను. అప్పటిదాకా నేను ఎన్నడూ గమనించని విషయం అప్పుడు కనిపించింది. సీసా తెల్లగా ఉంటుంది కాబట్టి లోపలి నీరు ఎలా ఉంటుందో నాకు తెలియనే తెలియదు. గ్లాసులో చూస్తే తేటగా ఉంది. పైన తెట్టు లేదు, అడుగున మడ్డి లేదు. మూత పెట్టి మూడు రోజులు కదపకుండా ఉంచాం. మూడో రోజూ అంతే తేట.

తర్వాత వాడు చెంచాతో మంచినీళ్లు పోశాడు. ఒక చెంచా, రెండు చెంచాలు, మూడు. ఉన్నట్టుండి గ్లాసులో పాలు విరిగినట్లు తెల్లటి మబ్బు కమ్మింది. డెట్టాల్ బకెట్లో పోసినప్పుడు చూస్తామే, అచ్చం అలాగే. దాన్ని కూడా కదపకుండా అట్టే పెట్టాం. రెండు రోజుల తర్వాత చూస్తే పైన సన్నటి నూనె పొర మెరుస్తోంది.

మామ ఎందుకు ఊపేవాడో నాకు అప్పుడు తెలిసింది. ఖరీదైన సీసా. ఊరి పెళ్లిళ్లన్నిటికీ సరిపోవాలి. అందుకని ఆయన దాంట్లో నీళ్లు కలిపేవాడు! నీళ్లు కలిపిన సీసాను ఊపక తప్పదు. ఆయన చేసింది ఆయన సీసాకు సరైన పనే. నేను ఆయన ఊపడం నేర్చుకున్నాను గానీ నీళ్ల సంగతి నేర్చుకోలేదు.

ఇందులో కిటుకు తెలిసినవారిని అడిగితే చెప్పారు. ఆఫ్టర్ షేవ్‌లో ముఖ్యంగా ఉండేవి ఆల్కహాలు, నీళ్లు, వాటిలో కొద్దిగా అత్తరు నూనెలు, పుదీనా జాతి నుంచి వచ్చే మెంథాల్, కొన్నిటిలో గ్లిసరిన్. నూనె నీళ్లలో కరగదు, ఆల్కహాలులో కరుగుతుంది. ఆల్కహాలు తగిన పాలు ఉన్నంతకాలం నూనె కరిగే ఉంటుంది. నీళ్లు ఎక్కువైతే ఆల్కహాలు బలం చాలక నూనె సన్నటి బొట్లుగా బయటికొచ్చేస్తుంది. అదే మనకు కనిపించే తెల్ల మబ్బు.

మన తెలుగులో దీనికి చక్కని మాటలు రెండున్నాయి. కరగడం, కలవడం. ఉప్పు నీళ్లలో కరుగుతుంది. ఒకసారి కరిగాక చెంబును వారం రోజులు కదపకపోయినా పైనీళ్లూ అడుగునీళ్లూ ఒకే ఉప్పన. రాగి అంబలి అలా కాదు. పిండి నీళ్లలో కలిసింది గానీ కరగలేదు. కాసేపు పెడితే పైన తేట, అడుగున చిక్కన. ఆఫ్టర్ షేవ్ ఉప్పునీళ్ల జాతి. ఊపితే నష్టమేమీ లేదు, మూత వదులైతే చొక్కా తడుస్తుంది, అంతే. ఊపకపోయినా నష్టం లేదు. పాలలా చిక్కగా ఉండే రకాలు, రెండు పొరలుగా కనిపించే రకాలు కొన్ని ఉన్నాయి. అలాంటివాటిలో ఊపాల్సినవాటికి సీసా మీదే రాసి ఉంటుంది. గడ్డం గీసుకున్నాక దద్దురు లేస్తే కొందరు పూసుకునే గులాబీరంగు క్యాలమైన్ లోషన్ మాత్రం అచ్చంగా అంబలి జాతి. దాన్ని ఊపకపోతే చెంపకు తగిలేది ఉత్త నీళ్లే.

అసలు ఈ పైపూత ఎందుకు పుట్టిందో కూడా రెండు మాటలు చెప్పుకోవాలి. కత్తి వెంట్రుకతో పాటు చర్మం పైపొరను కూడా కాస్త గీరుతుంది. ఆ గీతల్లోంచి క్రిములు దూరకుండా పూర్వం నుంచి ఏదో ఒకటి రుద్దడం ఉంది. మన దగ్గర పటిక. అది చర్మాన్ని బిగించి, చిన్న గాట్ల దగ్గర రక్తాన్ని గడ్డకట్టిస్తుంది. ఐరోపాలో 1709లో కొలోన్ పట్టణంలో ఫరీనా అనే ఇటలీవాడు ఆల్కహాలులో అత్తరు కరిగించి అమ్మకం పెట్టాడు. మనం ఓడికొలోన్ అనేది ఆ ఊరి పేరే. అమెరికాలో షుల్టన్ కంపెనీ మగవాళ్ల కోసం ఓల్డ్ స్పైస్ తెచ్చింది 1938లో. అందరూ నమ్ముకున్నది ఒకటే, ఆల్కహాలు క్రిములను చంపుతుందని.

ఆ నమ్మకానికి ఒక హద్దుందని మన ప్రాంతానికి తెలిసొచ్చింది 1986లో. మద్రాసు వైద్య కళాశాలలో సునీతి సోలమన్ గారి దగ్గర పరిశోధన చేస్తున్న నిర్మల గారు సేకరించిన రక్త నమూనాలను వేలూరు క్రిస్టియన్ వైద్య కళాశాలలో పరీక్షించినప్పుడే దేశంలో హెచ్.ఐ.వి. ఉన్నట్టు మొదటిసారి బయటపడింది. ఆ తర్వాత కొన్నేళ్లలో సెలూన్లలో కత్తి పోయి, మనిషికొక కొత్త బ్లేడు ముక్క వచ్చింది. ఎంత మంట పుట్టే లోషన్ రాసినా అది ఒకరి రక్తం అంటిన కత్తిని ఇంకొకరికి శుభ్రం చేసిపెట్టదు. ఒకే పటిక ముక్క ఊరందరి చెంపలకూ తిరగడం కూడా అంతే తప్పు.

ఆ మంట గురించి కూడా ఒక ముచ్చట. మంటా, చల్లదనమూ రెండూ ఒకేసారి ఎలా వస్తాయని మా అబ్బాయి అడిగాడు. మన చర్మంలో వేడిని కనిపెట్టే గ్రాహకాలు వేరు, చలిని కనిపెట్టేవి వేరు. సాధారణంగా 42, 43 డిగ్రీల దగ్గర మేలుకునే వేడి గ్రాహకాన్ని ఆల్కహాలు మన ఒంటి వేడికే మేలుకునేట్టు చేస్తుంది. అందుకే చుర్రుమంటుంది. మెంథాల్ పోయి చలి గ్రాహకాన్ని తడుతుంది. ఈ గ్రాహకాలను కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ అనే ఇద్దరికి 2021లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఊపినంత మాత్రాన ఆ మంట పెరగదు, తగ్గదు.

ఇంతవరకు మీకు చెప్పినట్టే, ఆ తర్వాతి ఆదివారం పరదరామి పోయినప్పుడు మా ఇంటి పంచలో కూర్చుని నాయనకూ అమ్మకూ ఈ కథంతా చెప్పాను. మామ నీళ్లు కలిపిన సంగతి విని నాయన పగలబడి నవ్వాడు. నేను ఊపుమీద ఉన్నాను. “ఈ ఊపడమనేది ఉత్త అలవాటు నాయనా. లోపలుండేది ఊపకుండానే కలిసుంటుంది. మనమే ఊరికే చేతులు నొప్పెట్టుకుంటాం” అని తేల్చేశాను.

నాయన కాలంవాళ్లకు ఊపడం ఎక్కడ అలవాటైందో నేను ఆలోచించి ఉండాల్సింది. ఆ రోజుల్లో ఆసుపత్రికి పోతే ఇంటినుంచే ఖాళీ సీసా పట్టుకుపోవాలి. కంపౌండరు దాన్నిండా ఎర్రటి మిక్చరు పోసి, కాగితాన్ని పళ్లుపళ్లుగా కత్తిరించి సీసాకు అంటించేవాడు. ఒక్కో పన్ను ఒక్కో పూట మోతాదు. “ఊపి తాగాల” అని చెప్పి మరీ చేతికిచ్చేవాడు. అందులో పొడులు కరిగేవి కావు, కలిసేవి. నాయన ఆ మాట జీవితమంతా పాటించాడు. టానిక్కు ఊపేవాడు, తైలం ఊపేవాడు, పురుగుమందు డబ్బా ఊపేవాడు. ఎనభై దాటాక డాక్టర్లు ఇన్సులిన్ రాసినప్పుడు దాన్నీ ఊపేవాడు. ఊపొద్దని చెప్పిన కుర్రవాళ్ల మాట ఎవరిదీ వినలేదు. నా మాట విన్నాడు. కొడుకు పెద్ద ఆఫీసరు కదా.

నాయన వాడేది తెల్లగా మబ్బుగా ఉండే ఇన్సులిన్. పొద్దున 14 యూనిట్లు, రాత్రి 6. రోజుకు 20. పది మిల్లీలీటర్ల సీసాలో 400 యూనిట్లుంటాయి కాబట్టి ఒక సీసా ఇరవై రోజులు. నేను పంచలో ఉపన్యాసం ఇచ్చిన మర్నాడు కొత్త సీసా తెరిచారు. మొదటి పది పన్నెండు రోజులు షుగరు ఎప్పుడు చూసినా 260, 280, ఒకసారి 300. పండగ పిండివంటల మీదికి నెట్టేశాం. పంతొమ్మిదో రోజు తెల్లవారుజామున నాలుగున్నరకు అమ్మ ఫోను చేసింది.

“నాయనకు ఒళ్లంతా చెమటలురా. నన్ను చూసి ఎవరని అడగతా ఉండాడు.”

షుగరు చూడమన్నాను. పక్కింటి అమ్మాయి వచ్చి చూసి చెప్పింది, 48 అని. డెబ్బైకి తగ్గితేనే జాగ్రత్తపడాల్సిన లెక్క. మింగగలుగుతున్నాడని రూఢి చేసుకుని, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కరిగించి కొద్దికొద్దిగా తాగించమన్నాను. పావుగంటకు 76. ఇంకో పావుగంటకు నాయన అమ్మను గుర్తుపట్టి, ఇంత పొద్దున్నే ఇంటినిండా జనమేమిటని కోప్పడ్డాడట. నేను వేలూరు నుంచి బయల్దేరిపోయాను. గుడియాత్తం దాటి పరదరామి చేరేదాకా ఆ దారి అంత దూరమని నాకు ఎన్నడూ తెలియలేదు.

ఆ రోజే వేలూరులో ఆసుపత్రికి తీసుకొచ్చాం. డాక్టరు గారు మందు మార్చలేదు, మోతాదు మార్చలేదు. “ఇంట్లో ఎలా ఎక్కించుకుంటారో ఒకసారి చూపించండి” అన్నారు. నాయన సీసా తీసి, కదపకుండా, సూది గుచ్చి మందు లాగబోయాడు.

పక్కనున్న సిస్టరు చెయ్యి పట్టుకుంది. చిత్తూరు వైపు అమ్మాయి. “తాతా, కలపకుండానే ఎక్కిస్తా ఉండారా?”

“ఊపబల్లేదంట గదమ్మా. మావాడే చెప్పినాడు” అన్నాడు నాయన నన్ను చూపిస్తూ.

ఆ గదిలో నేను ఎటు చూడాలో తెలియక గోడ మీది క్యాలెండరు చూశాను.

“ఊపగూడదు నిజమే. కానీ ఊరికే ఉండగూడదు” అని ఆ అమ్మాయి సీసాను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, దీపానికి వత్తి చేసినట్లు మెల్లగా దొర్లించింది. పదిసార్లు దొర్లించడం, పదిసార్లు మెల్లగా తలకిందులు చేయడం. సీసా అంతా ఒకే తెలుపు అయ్యేదాకా. అడుగున పిండిలా ఏమీ మిగలకూడదు. “ఇప్పుడు లాగు తాతా” అంది.

డాక్టరు గారు నాకు విడమరిచి చెప్పారు. టొరంటోలో 1922లో మొదటిసారి రోగికి ఇచ్చిన ఇన్సులిన్ కొద్ది గంటలే పనిచేసేది. డెన్మార్క్‌లో హేగెడార్న్ అనే ఆయన బృందం 1946లో దానికి ప్రోటమైన్ అనే చేప మాంసకృత్తునూ, కాస్త జింకునూ చేర్చి, సన్నటి స్ఫటికాలుగా మార్చి, ఎక్కువసేపు పనిచేసేట్టు చేసింది. ఎన్.పి.హెచ్. అని రాస్తారే, అందులో హెచ్ ఆయనదే. ఆ స్ఫటికాలు కరగవు. నిలవుంటే అడుక్కి దిగుతాయి. కలపకుండా లాగితే ఒకరోజు తక్కువ మందు, ఒకరోజు ఎక్కువ మందు ఒంట్లోకి పోతుంది. గట్టిగా ఊపితే నురగ లేచి, బుడగలు సూదిలోకి వచ్చి కొలత తప్పుతుంది. మందు కూడా చెడి గడ్డలు కట్టవచ్చు. అందుకని దొర్లించడం. తేటగా ఉండే ఇన్సులిన్లు వేరే ఉన్నాయి. వాటికి ఈ పని లేదు. తేటగా ఉండాల్సినది మబ్బుగా మారితే దాన్ని పారెయ్యాలి.

“నాయన షుగరు పడిపోవడానికి ఇదే కారణమా?” అని అడిగాను.

“రాత్రి భోజనం తగ్గినా పడిపోవచ్చు. ఇదొక్కటే అని ఖాయంగా చెప్పలేను. కానీ మొదట్లో అంత ఎక్కువ, సీసా చివర్లో ఇంత తక్కువ అంటే దీన్ని అనుమానించాల్సిందే” అన్నారు.

ఈ లెక్క నాకు బాగా అర్థమైంది. సీసాలో 400 యూనిట్లు ఉన్నాయి, ఇరవై రోజుల్లో 400 యూనిట్లు ఖర్చయ్యాయి. మొత్తం సరిపోయింది. ఏ రోజు ఖాతాలో ఎంత పడిందన్నదే తప్పింది. మొత్తం సరిపోయిందని ఊరుకునేవాడికి ఆ తప్పు ఎప్పటికీ కనిపించదు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఊరు దగ్గరికి వచ్చాక మెల్లగా అంది. “చారు పొయ్యాలన్నా అడుగుదాకా గరిట పెట్టి కలిపే గదరా పోస్తాం. ఆ మందు అడుగున తెల్లంగా పేరుకోనుండేది నేను రోజూ చూస్తానే ఉంటి. నువ్వు చదువుకున్నోడివి చెప్పినావని ఊరుకుంటి.”

ఎనిమిదో తరగతి దాటని మా అమ్మకు కనిపించింది నాకు కనిపించలేదు. నేను ఒక్క సీసాను పరీక్షించి అన్ని సీసాలకూ తీర్పు చెప్పాను. ముప్ఫయ్యేళ్లు ఎందుకో తెలియకుండా ఊపినవాణ్ణి, ఒక్క వారంలో ఎందుకో తెలియకుండానే ఊపవద్దని చెప్పేవాణ్ణయ్యాను. మొదటి తప్పు వల్ల ఎవరికీ నష్టం లేదు. రెండోది నాయనను పొలిమేర దాకా తీసుకుపోయింది.

అందుకని పాఠక మిత్రులకు నా మనవి. ఈ సంచిక చదవడం అయ్యాక మీ ఇంట్లో మందుల అర ఒకసారి తెరవండి. ఒక్కో సీసాను వెలుతురుకు పెట్టి చూడండి. తేటగా ఉంటే కరిగిన మందు. మబ్బుగా ఉన్నా, అడుగున పొడి కనిపించినా కలిసిన మందు. చిన్నపిల్లలకు జ్వరానికి ఇచ్చే పారాసిటమాల్ మందు చాలావరకు ఈ రెండో రకమే. 60 మిల్లీలీటర్ల సీసాలో 5 మిల్లీలీటర్ల చొప్పున పన్నెండు మోతాదులు వస్తాయి. ఊపకుండా పోస్తే మొదటి మోతాదులకు జ్వరం తగ్గదు, చివరి మోతాదులకు మందు ఎక్కువవుతుంది. పొడిలో కాచి చల్లార్చిన నీళ్లు గీతదాకా పోసి కలుపుకునే యాంటీబయాటిక్ సీసాలూ అంతే. ప్రతి పూటా ఊపాలి, సీసా మీద రాసిన గడువు దాటితే పారబోయాలి. తెల్ల ఇన్సులిన్ అయితే దొర్లించాలి, ఊపకూడదు. సీసాలో కాకుండా పెన్నులో వచ్చినా సరే. చీటీ మీద రాసింది చదవాలి. అర్థం కాకపోతే మందుల షాపులోనో, ఆసుపత్రిలో సిస్టర్లనో అడగాలి. నాలాంటి బంధువును కాదు.

ఇంకొక్క మాట. షుగరు పడిపోయిన మనిషి మింగగలిగితేనే చక్కెర నీళ్లు. స్పృహ తప్పినవారి నోట్లో ఏదీ పొయ్యకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మామ ఇప్పుడు లేడు. సెలూన్ ఉన్నచోట సెల్‌ఫోను అంగడి వచ్చింది. నాయన చెయ్యి కాస్త వణుకుతుంది కాబట్టి ఆదివారాలు నేనే పోయి గడ్డం గీస్తున్నాను. షుగరున్న మనిషికి గాటు పడకూడదని నిదానంగా గీస్తాను, అరగంట పడుతుంది. పోయిన నెలలో ఒకసారి అంతా అయ్యాక, నా సంచిలోంచి ఓడ బొమ్మ సీసా తీసి ఆయన చేతికిచ్చాను. “ఈ వయసులో నాకెందుకురా ఈ సోకులు” అన్నాడు గానీ తీసుకున్నాడు.

తీసుకుని, రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, వత్తి చేసినట్లు మెల్లగా పదిసార్లు దొర్లించాడు. తర్వాత మూత తీశాడు.

నేను ఏమీ అనలేదు.